ఒకే కవరులో నాలుగు ఆయుధ నమోదు దరఖాస్తులు: కాగితాల తయారీ నుంచి ఆమోదం దాకా

అమెరికాలో మామూలు పిస్తోలునో, వేట రైఫిల్‌నో కొన్న రోజే ఇంటికి తెచ్చుకునే వీలు చాలా రాష్ట్రాల్లో ఉంది. సప్రెసర్ (తుపాకి శబ్దాన్ని తగ్గించే గొట్టం), 16 అంగుళాలకన్న పొట్టి గొట్టమున్న రైఫిల్, 18 అంగుళాలకన్న పొట్టి గొట్టమున్న షాట్‌గన్, మెషిన్‌గన్ వంటి వాటి సంగతి వేరు. ఇవన్నీ 1934లో వచ్చిన నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ (ఎన్‌ఎఫ్‌ఏ) కిందకు వస్తాయి. వీటిలో ప్రతి ఒక్కటీ ఫెడరల్ ప్రభుత్వ రిజిస్టరులో ఒక యజమాని పేరిట నమోదై ఉండాలి. ఆ పేరు మారాలంటే ఏటీఎఫ్ అని అందరూ పిలిచే, ఆయుధాల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ముందుగా ఆమోదించాలి. ఆమోదం రాకముందే వస్తువును చేతికి తీసుకుంటే అది నేరమవుతుంది, శిక్ష పదేళ్ల జైలు దాకా ఉంటుంది.

ఈ దరఖాస్తులను ఇప్పుడు ఎక్కువమంది ఆన్‌లైన్‌లోనే పెడుతున్నారు. ఏటీఎఫ్ ఈ-ఫారం వ్యవస్థ 2013లో మొదలైంది. డీలరు దగ్గర కొనేవారికి అవసరమైన ఫారం 4 కొన్నేళ్లు అందులో లేకుండా పోయి, 2021 డిసెంబరులో తిరిగి వచ్చింది. డీలరు దగ్గర కొంటున్నవారు ఆ దారినే వెళ్లడం మంచిది. అయితే ఒక వ్యక్తి తన సేకరణను అదే రాష్ట్రంలోని మరో వ్యక్తికి అమ్మేటప్పుడు, లేదా మరణించినవారి ఆయుధాలు వారసులకు చేరేటప్పుడు, పని ఇంకా ఎక్కువగా కాగితం మీదే సాగుతుంది. ఒకే అమ్మకందారు నుంచి మూడు నాలుగు వస్తువులు ఒకేసారి కొనే సందర్భం అలాంటిదే. ఈ వ్యాసమంతా ఒక ఉదాహరణ చుట్టూ నడుస్తుంది: టెక్సస్‌లో నివసించే ఒక వ్యక్తి, అదే రాష్ట్రంలోని పెద్దాయన దగ్గర రెండు సప్రెసర్లు, ఒక పొట్టి గొట్టం రైఫిల్, ఒక పాత మెషిన్‌గన్ కొంటున్నారు. మొత్తం నాలుగు దరఖాస్తులు.

ఇక్కడ మొదటే మనసులో నాటుకోవలసిన సంగతి ఒకటుంది. మనకు అది ఒక కట్ట, ఒక కొనుగోలు, ఒక కవరు. పరిశీలించే అధికారికి మాత్రం అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు దరఖాస్తులు. కవరు తెరిచిన చోటే అవి విడిపోవచ్చు. విడిపోయాక ప్రతి దరఖాస్తూ పక్కదాని సాయం లేకుండా తనంతట తాను నిలబడాలి. నేను మొదటిసారి ఇలాంటి కట్ట పంపినప్పుడు ఈ సంగతి తెలియక, ఒక దరఖాస్తుకు జతచేసిన కాగితం మిగిలిన వాటికీ చాలుతుందని అనుకున్నాను. దాని మూల్యం నెలల ఆలస్యం రూపంలో చెల్లించాను.

ముందు అర్హత చూసుకోవాలి

కాగితం ముట్టుకోకముందు రెండు ప్రశ్నలకు జవాబు తేలాలి. మీరు ఉంటున్న రాష్ట్రం ఆ వస్తువును అనుమతిస్తుందా? మీ వలస హోదా అనుమతిస్తుందా?

సప్రెసర్‌ను సామాన్య పౌరులు ఉంచుకోవడానికి 42 రాష్ట్రాల్లో వీలుంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఇల్లినాయ్, న్యూయార్క్, మసాచుసెట్స్, డెలవేర్, రోడ్ ఐలండ్, హవాయి రాష్ట్రాల్లో లేదు. ఈ జాబితాలోని మొదటి మూడు పేర్లు చూస్తే మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన చోట్లే కనిపిస్తాయి. ఉద్యోగం మారి డాలస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వెళ్లే అవకాశం కళ్లముందే ఉంటే, సప్రెసర్ దరఖాస్తు పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి. ఆమోదం వచ్చేసరికి మీరు ఆ వస్తువును ఉంచుకోలేని రాష్ట్రంలో ఉండవచ్చు.

వలస హోదా ఇంతకన్న బరువైన విషయం. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4, బీ-2 వంటి వీసాల మీద ఉన్నవారు ఫెడరల్ చట్టం దృష్టిలో వలసేతరులు. వారు ఆయుధం గాని తూటాలు గాని తమ అధీనంలో ఉంచుకోవడం సాధారణంగా నిషిద్ధం. వేట లైసెన్సు ఉన్నవారికి చట్టంలో ఒక మినహాయింపు ఉన్నమాట నిజమే గాని, రిజిస్టరు చేయవలసిన ఆయుధాల విషయంలో దాన్ని నమ్ముకుని వలస న్యాయవాదిని అడగకుండా అడుగు వేయకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు, పౌరులు దరఖాస్తు చేసుకోవచ్చు. గ్రీన్‌కార్డుదారులు మాత్రం ఆయుధ నేరం రుజువైతే అది దేశ బహిష్కరణకు కారణమయ్యే నేరాల్లో ఒకటని మరువకూడదు. పౌరుడికి జరిమానాతో, జైలుతో ముగిసే తప్పు వీరికి ఇరవై ఏళ్ల జీవితాన్ని ఊడ్చేయగలదు.

ఇంట్లోవారి గురించీ ఇక్కడే ఆలోచించాలి. ఆరు నెలలకని విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో వచ్చే అమ్మానాన్నలు బీ-2 వీసా మీద ఉంటారు. భార్యకో భర్తకో ఇంకా హెచ్-1బీ వంటి వీసా హోదాయే ఉండవచ్చు. మీకు ఆమోదం వచ్చినంత మాత్రాన వారికి హక్కు రాదు. ఆయుధాలున్న ఇనుప బీరువా తాళంచెవి, అంకెల తాళమైతే ఆ అంకెలు, వారి దగ్గర ఉండకూడదు. ఇంట్లో దాపరికం ఏమిటని నొచ్చుకునే పెద్దలకు ఇది చట్టం మాట అని ముందే చెప్పి పెట్టడం మేలు.

ఏ ఫారం, ఎవరి దరఖాస్తు

యజమాని నుంచి మరొకరికి పన్నుతో కూడిన బదిలీకి ఫారం 4, అంటే 5320.4. మీరే పొట్టి గొట్టం రైఫిల్ తయారుచేసుకోవాలంటే ఫారం 1. వారసుడికి పన్ను లేకుండా చేరేదానికి ఫారం 5. మన ఉదాహరణలో నాలుగూ ఫారం 4లే. ఒక్కో వస్తువుకు ఒక్కో ఫారం. రెండు సప్రెసర్లు ఒకే కంపెనీవి, ఒకే నమూనావి అయినా రెండు ఫారాలు కావలసిందే.

చాలామంది పొరబడేది ఇక్కడ: ఫారం 4లో దరఖాస్తుదారు అమ్మేవారే, కొనేవారు కాదు. వస్తువు ప్రస్తుతం ఎవరి పేరిట నమోదై ఉందో వారు బదిలీకి అనుమతి అడుగుతున్నారు. కొనేవారు తమ అర్హతను అదే ఫారంలో ధ్రువీకరిస్తున్నారు. రాతపని అంతా కొనేవారు చేసినా, సంతకం ఇద్దరిదీ కావాలి. ఆమోదించిన ఫారం తిరిగి వచ్చేది అమ్మేవారి ఇంటికే. అందువల్ల పెద్దాయన వయసు, ఆరోగ్యం, ఇల్లు మారే ఆలోచన, ఇవన్నీ మీ దరఖాస్తుకు సంబంధించిన విషయాలే. మధ్యలో ఆయనకు ఏదైనా జరిగితే ఆస్తి వ్యవహారాలు చూసేవారితో పని మళ్లీ మొదలవుతుంది. ఆయన కుటుంబంలో ఒకరికైనా ఈ బదిలీ గురించి తెలిసి ఉండేలా చూసుకోండి.

అమ్మేవారూ కొనేవారూ ఒకే రాష్ట్ర నివాసులైతేనే ఇలా నేరుగా జరుగుతుంది. వేర్వేరు రాష్ట్రాలైతే వస్తువు ముందు మీ రాష్ట్రంలోని తగిన లైసెన్సున్న డీలరు పేరిట మారి, ఆ తర్వాతే మీ దగ్గరకు రావాలి.

పన్ను విషయంలో పాత వ్యాసాలు, పాత వీడియోలు చూసి మోసపోవద్దు. 1934 నుంచి తొమ్మిది దశాబ్దాలపాటు బదిలీ పన్ను 200 డాలర్లే. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో, 2026 జనవరి 1 నుంచి సప్రెసర్లకు, పొట్టి గొట్టం రైఫిళ్లకు, షాట్‌గన్‌లకు ఆ పన్ను సున్నా అయింది. మెషిన్‌గన్‌లకు, విధ్వంసక ఆయుధాలుగా వర్గీకరించిన వాటికి 200 డాలర్లు అలాగే ఉంది. పన్ను సున్నా అయినంత మాత్రాన నమోదు పోలేదు. వేలిముద్రలు, ఫోటోలు, ఎదురుచూపు అన్నీ యథాతథం. మన కట్టలో మూడు ఫారాలు సున్నా పన్నువి, మెషిన్‌గన్ ఫారం ఒక్కటే 200 డాలర్లది. ఆ మెషిన్‌గన్ 1986 మే 19కి ముందే చట్టబద్ధంగా నమోదై ఉండాలన్నది వేరే చెప్పనక్కర లేదు. ఆ తేదీ తర్వాత కొత్త వాటిని సామాన్యుల పేరిట నమోదు చేయడం లేదు.

వివరాల పట్టిక

ఫారాలు నింపడం మొదలుపెట్టే ముందు ఒక తెల్లకాగితం మీద, లేదా కంప్యూటరులో, నాలుగు వస్తువుల పట్టిక రాసుకోండి: తయారీదారు, రకం, క్యాలిబర్ (తూటా పరిమాణం), నమూనా, గొట్టం పొడవు, మొత్తం పొడవు, సీరియల్ నంబరు. వీటిని వస్తువు మీద చూసి రాసుకుని, పెద్దాయన దగ్గరున్న పాత ఆమోదిత ఫారంతో అక్షరం అక్షరం పోల్చండి. రిజిస్టరులో ఉన్నది ఆ పాత ఫారంలోని వివరమే. సీరియల్ నంబరులో సున్నాకూ ఇంగ్లిషు ఓ అక్షరానికీ, ఒకటి అంకెకూ ఐ అక్షరానికీ తేడా కంటికి ఆనదు. పాత తుపాకులపై చెక్కుడు అరిగిపోయి 3, 8 ఒకలా కనబడతాయి. వస్తువు మీద ఒకటి, పాత ఫారంలో మరొకటి ఉంటే దాన్ని దాటవేయకుండా, పంపకముందే అమ్మేవారి చేత ఏటీఎఫ్‌కు చెందిన ఎన్‌ఎఫ్‌ఏ విభాగాన్ని అడిగించి తేల్చుకోవాలి. ఈ విభాగం పశ్చిమ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉంది.

ఈ పట్టిక ఒకసారి సరిగా తయారైతే నాలుగు ఫారాలూ దానిలోంచే నింపాలి. ఒక ఫారం నింపి దాన్నే మార్చి మిగతావి చేసుకుందామన్న ఆలోచన సహజంగానే వస్తుంది. అలా చేసినప్పుడే మొదటి సప్రెసర్ క్యాలిబర్ రెండో సప్రెసర్ ఫారంలో మిగిలిపోతుంది. ప్రతి ఫారాన్నీ ఖాళీగా తెరిచి, పట్టికలోంచి రాసి, మరునాడు వేరొకరి చేత గట్టిగా చదివించుకోండి. ఒకరు చదువుతుంటే మరొకరు వస్తువు మీద చూడాలి. నాలుగు ఫారాలకు ఇదంతా ఒక సాయంత్రం పని.

పేరు ఎలా రాయాలి

తెలుగువారి దరఖాస్తుల్లో చిక్కులు ఎక్కువగా పేరు దగ్గరే వస్తాయి. మన ఇంటిపేరు ముందుంటుంది, అమెరికాలో చివర ఉంటుంది. చదువు ధ్రువపత్రాల్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. వెంకట సత్య సాయి కుమార్ వంటి నాలుగు మాటల పేరును ఒక కార్యాలయం మొత్తం మొదటి పేరుగా రాసుకుంటే, మరొకటి మొదటి మాట ఉంచి మిగతావి మధ్య పేరు చేస్తుంది, ఇంకొకటి చోటు చాలక మూడో మాట దగ్గర కత్తిరిస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి వీసా మీద మొదటి పేరు తెలియదనే అర్థంలో ఎఫ్ఎన్‌యూ అనే మూడక్షరాలు పడి, అవి ఏళ్ల తరబడి వెంటాడటం మన సమాజంలో అందరూ చూసిందే.

ఫారం అడిగేది పూర్తి చట్టబద్ధమైన పేరు. డ్రైవింగ్ లైసెన్సు, గ్రీన్‌కార్డు లేదా పౌరసత్వ పత్రం పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలో పేరు ఒకేలా లేకపోతే, దరఖాస్తు పెట్టకముందే లైసెన్సును సరిచేయించుకోవడం అన్నిటికన్న తేలిక. ఆ తర్వాత ఫారం 4లో, వేలిముద్రల కార్డులో, ఫోటో వెనుక, షెరిఫ్‌కు (కౌంటీ పోలీసు అధికారికి) పంపే ప్రతిలో, అన్నిచోట్లా పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. కార్డు మీద ఒక పేరు, ఫారం మీద మరొక పేరు ఉంటే వేలిముద్రల ఫలితం ఎవరిదో అధికారికి తెలియక దరఖాస్తు ఆగిపోతుంది.

పేరు సరిగా ఉన్నా, అది లక్షలమందికి ఉన్న పేరైతే నేపథ్య తనిఖీలో మరొకరితో కలిసిపోయి ఆలస్యమవుతుంది. రెడ్డి, రావు, కుమార్ అనే చివరి పేర్లున్నవారికి ఇది కొత్త అనుభవం కాదు. తుపాకి కొన్న ప్రతిసారీ తనిఖీ ఆగిపోతున్నవారు ఎఫ్‌బీఐ దగ్గర స్వచ్ఛందంగా తమ వివరాలు దాఖలుచేసి, యూపిన్ అనే వ్యక్తిగత గుర్తింపు సంఖ్య పొందవచ్చు. ఆ సంఖ్య రాయడానికి ఫారంలో ప్రత్యేకంగా గడి ఉంది. దీనికే కొంతకాలం పడుతుంది కాబట్టి, కొనుగోలు ఆలోచన మొదలైన రోజే దాన్ని మొదలుపెట్టాలి.

చిరునామాలో పోస్టుబాక్సు పనికిరాదు. నివసించే ఇంటి చిరునామా, కౌంటీ పేరుతో సహా ఇవ్వాలి. గ్రీన్‌కార్డుదారులు తమ ఏలియన్ నంబరు రాయడం మరువకూడదు.

ఫోటోలు, వేలిముద్రలు

ఫోటో రెండంగుళాల చదరం, ఎదురుగా చూస్తూ తీసింది, ఏడాదిలోపుది అయి ఉండాలి. పాస్‌పోర్టు ఫోటో తీసే చోట అడిగితే సరిపోతుంది. వెనుక పేరు పెన్సిలుతో తేలికగా రాసి ఫారంలో సూచించిన చోట అంటించండి. గట్టిగా నొక్కి రాస్తే ముఖం మీద గీతలు తేలతాయి.

వేలిముద్రలకు ఎఫ్‌డీ-258 అనే నీలిగీతల కార్డు వాడతారు. ఏటీఎఫ్ పంపిణీ కేంద్రాన్ని అడిగితే ఖాళీ కార్డులు ఉచితంగా పంపుతుంది. ప్రతి దరఖాస్తుకూ రెండు కార్డులు. నాలుగు దరఖాస్తులకు ఎనిమిది. నేను ఎప్పుడూ మరో రెండు అదనంగా తీయించుకుంటాను. కార్డుల వరుసలో చివరివి మొదటివంత స్పష్టంగా రావు. వేళ్లు చెమర్చి సిరా పలుచబడుతుంది, తీసేవారికి ఓపిక తగ్గుతుంది. అందుకని నాలుగు కార్డులయ్యాక ఆగి, చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, మళ్లీ మొదలుపెట్టమని మర్యాదగా అడగండి. వంటింట్లోనో తోటలోనో చేతులు మొద్దుబారినవారు వారం ముందునుంచి రాత్రుళ్లు కొబ్బరినూనె రాసుకుంటే గీతలు బాగా పడతాయి. ముద్రలు వేసే రోజు మాత్రం నూనె తగలకూడదు. కార్డుపై పేరు, పుట్టిన తేదీ, పుట్టిన దేశం నల్ల సిరాతో ముందే నింపి, సంతకం మాత్రం ముద్రలు తీసేవారి ఎదుట చేయాలి. కార్డులను మడవకూడదు, పిన్ను కొట్టకూడదు.

ట్రస్టు పేరిట కొంటే

కొందరు తమ పేరిట కాక ట్రస్టు పేరిట నమోదు చేయిస్తారు. భార్యాభర్తలిద్దరూ పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయి, ఇద్దరూ వాడుకోవాలనుకుంటే అది అనుకూలమే. 2016 జూలై 13 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ట్రస్టులో బాధ్యతగల ప్రతి వ్యక్తీ 5320.23 ప్రశ్నావళి నింపి, తన ఫోటో, రెండు వేలిముద్రల కార్డులు జతచేయాలి, అదీ ప్రతి దరఖాస్తుకూ. ముగ్గురు ట్రస్టీలు, నాలుగు వస్తువులు అంటే పన్నెండు ప్రశ్నావళులు, పన్నెండు ఫోటోలు, ఇరవైనాలుగు కార్డులు. బంధుప్రీతితో బావమరిదిని, తోడల్లుణ్ణి ట్రస్టీలుగా చేర్చుకునేముందు ఈ లెక్క వేసుకోవాలి; వారిలో ఒకరి వీసా హోదా తేడాగా ఉన్నా మొత్తం ట్రస్టు దరఖాస్తులు నిలిచిపోతాయి. ట్రస్టు దస్తావేజు ప్రతిని కూడా జతచేయాలి. గత 24 నెలల్లో ఆమోదం పొందిన దరఖాస్తుతో అదే దస్తావేజు ఇచ్చి, అందులో ఏ మార్పూ లేకపోతే, ఆ సంగతి ధ్రువీకరిస్తే చాలు.

షెరిఫ్‌కు ప్రతి

2016కు ముందు స్థానిక పోలీసు అధికారి సంతకం కావలసి వచ్చేది. సంతకం పెట్టని అధికారి ఉన్న ఊళ్లో వ్యక్తులకు దారి మూసుకుపోయేది. ఇప్పుడు సంతకం అక్కర లేదు, సమాచారం ఇస్తే చాలు. కౌంటీ షెరిఫ్, పోలీసు చీఫ్, రాష్ట్ర పోలీసు అధిపతి, జిల్లా ప్రాసిక్యూటర్లలో ఒకరికి ఫారం చివర ఉండే వారి ప్రతిని పంపాలి. ఇది ఏటీఎఫ్‌కు పంపకముందే జరగాలి, ఎందుకంటే పంపినట్లు మీరు అసలు ఫారంలో ధ్రువీకరించి సంతకం పెడుతున్నారు. నాలుగు ప్రతులూ ఒకే కవరులో పెట్టి, అందినట్లు రసీదు వచ్చే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, ఆ రసీదు నకలు నాలుగు ఫైళ్లలోనూ ఉంచుకోండి. అటువైపు నుంచి జవాబు రాదు, రావలసిన అవసరమూ లేదు.

కట్ట కట్టడం, పంపడం

ఏటీఎఫ్‌కు వెళ్లే ఫారం రెండు ప్రతులు. రెండింటినీ కాగితానికి రెండు వైపులా ముద్రించి, రెండింటి మీదా అమ్మేవారు, కొనేవారు సిరాతో విడివిడిగా సంతకాలు చేయాలి. ఒకదానిపై చేసి రెండోది జిరాక్సు తీయడం చెల్లదు. పెద్దాయన ఇంటికి వెళ్లి, ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఎనిమిది ప్రతుల మీదా తేదీలతో సహా సంతకాలు పూర్తిచేసుకోవడం మంచిది. పోస్టులో అటూ ఇటూ పంపుకుంటే ఎక్కడో ఒక చోట సంతకమో తేదీయో తప్పిపోతుంది.

తర్వాత నాలుగు కాగితపు ఫోల్డర్లు తీసుకోండి. ఒక్కో దానిలో ఒక్కో దరఖాస్తు: రెండు ఫారం ప్రతులు, రెండు కార్డులు, అవసరమైతే ప్రశ్నావళి, దస్తావేజు. అన్నిటినీ ఒక క్లిప్పుతో పట్టించాలి. మెషిన్‌గన్ ఫోల్డరులో మాత్రమే 200 డాలర్ల చెక్కు లేదా మనియార్డరు ఉంటుంది. చెక్కు వెనుకవైపు కాక ముందువైపు మెమో గడిలో సీరియల్ నంబరు రాయండి. పన్ను పడేవి ఒకటికి మించి ఉంటే ఒక్కో దానికి ఒక్కో చెక్కు ఇవ్వాలి. 400 డాలర్లకు ఒకే చెక్కు ఇస్తే, ఒక ఫారంలో లోపముంటే రెండోది కూడా దానితో చిక్కుకుంటుంది. పై కాగితంగా ఒక చిన్న జాబితా, ఈ కవరులో నాలుగు దరఖాస్తులున్నాయనీ, వాటి సీరియల్ నంబర్లు ఇవీ అని, పెట్టడం నా అలవాటు. నియమం అడగదు గాని, తెరిచేవారికి లెక్క సరిచూసుకునే వీలుంటుంది.

కవరు మూసేముందు ప్రతి కాగితాన్నీ, కార్డులతో సహా, స్కాన్ చేసుకోండి. లోపం గురించి ఉత్తరం వచ్చిన రోజు మీరు చూడవలసింది ఈ స్కాన్‌లే.

చిరునామా పాత జ్ఞాపకం నుంచి రాయకూడదు. ఒకప్పుడు అట్లాంటాలోని పోస్టుబాక్సుకు పంపేవారు, తర్వాత అది ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ పోస్టుబాక్సుకు మారింది. మీరు డౌన్‌లోడు చేసుకున్న తాజా ఫారం సూచనల్లో ఉన్న చిరునామాయే సరైనది. పోస్టుబాక్సుకు ఫెడెక్స్, యూపీఎస్ అందించలేవు. ప్రభుత్వ తపాలానే వాడాలి. గట్టి అట్టకవరు, సర్టిఫైడ్ మెయిల్, రసీదు: ఈ మూడింటికీ అయ్యే ఖర్చుకు వెనుకాడవద్దు.

నిరీక్షణ

తపాలా ట్రాకింగ్‌లో అందినట్లు కనబడగానే ఏటీఎఫ్ అధికారి చేతిలో మీ కాగితాలు ఉన్నట్లు కాదు. పోస్టుబాక్సు దగ్గర పన్ను చెల్లింపులు వేరుచేసి, కాగితాలను మార్టిన్స్‌బర్గ్‌కు పంపుతారు. అక్కడ రిజిస్టరు వ్యవస్థలోకి ఎక్కించిన తర్వాతే దరఖాస్తు పెండింగ్‌లోకి వస్తుంది. పాత రోజుల్లో అందరూ బ్యాంకు ఖాతా చూసుకుంటూ ఉండేవారు, చెక్కు నగదైన రోజే దరఖాస్తు తెరిచారని అర్థం. ఇప్పుడు పన్ను సున్నా అయిన దరఖాస్తులకు ఆ గుర్తు కూడా లేదు. మన కట్టలో మెషిన్‌గన్ చెక్కు నగదైతే, అదే కవరులో వెళ్లిన మిగిలిన మూడూ తెరిచి ఉంటారని ఊహించవచ్చు, అంతే.

2024లో ఈ-ఫారం 4 ఆమోదాలు కొందరికి రోజుల్లోనే వచ్చాయి. ఆ వార్తలు చూసి కాగితం దరఖాస్తునూ ఆ కొలతతో కొలిస్తే మనశ్శాంతి ఉండదు. కాగితాన్ని మనిషి చేత్తో ఎక్కించాలి, కార్డులు విడిగా ఎఫ్‌బీఐకి వెళ్లాలి. ఏటీఎఫ్ తన వెబ్‌సైట్‌లో ఒక్కో ఫారం రకానికి ప్రస్తుత సగటు సమయం ప్రకటిస్తుంది. కాగితానికి, ఈ-ఫారానికి వేర్వేరు అంకెలు ఉంటాయి. మీరు చూడవలసింది కాగితం వరుసలోని అంకె. అది సగటు మాత్రమే కాబట్టి దాన్ని దాటిన వారం నుంచే ఆందోళన పడనక్కర లేదు.

ఒకే కవరులో వెళ్లినా నాలుగు ఆమోదాలు ఒకే రోజు రావు. రెండు సప్రెసర్లలో ఒకదానికి ఆమోదం వచ్చి, రెండోది మరో నెల ఆగడం మామూలే. ఒక్కటి వచ్చిందని మిగతావి కూడా ఆమోదమైనట్లు అనుకుని పెద్దాయన ఇంటి నుంచి అన్నీ తెచ్చుకోవడం మహా ప్రమాదం. ఏ సీరియల్ నంబరుకు కాగితం చేతిలో ఉందో ఆ వస్తువు మాత్రమే కదలాలి.

నేను ఒక చిన్న పుస్తకంలో ఒక్కో దరఖాస్తుకు ఒక పేజీ పెట్టుకుంటాను. పంపిన తేదీ, అందిన తేదీ, చెక్కు నగదైన తేదీ, ఫోను చేసిన తేదీ, ఎవరు ఏమన్నారన్నది అందులో రాస్తాను. ప్రకటించిన సగటు దాటిన తర్వాతే ఎన్‌ఎఫ్‌ఏ విభాగానికి ఫోను చేయడం మర్యాద. అడిగేటప్పుడు సీరియల్ నంబరు, అమ్మేవారి పేరు, కొనేవారి పేరు చేతిలో ఉండాలి. ఒకే ఫోనులో నాలుగింటినీ అడగవచ్చు, కాని ఒక్కొక్కటే అడిగి, జవాబు రాసుకుని, తర్వాతిదానికి వెళ్లండి.

ఈలోగా ఇల్లు మారితే ఊరుకోకూడదు. కొత్త చిరునామాను అమ్మేవారి చేతా, మీ తరఫునా రాతపూర్వకంగా ఎన్‌ఎఫ్‌ఏ విభాగానికి తెలపాలి. వేరే రాష్ట్రానికి మారితే పరిస్థితి ఇంకా మారుతుంది: ఒకే రాష్ట్ర నివాసుల మధ్య బదిలీ అన్న పునాదే కూలిపోయింది కాబట్టి ఆ దరఖాస్తును ఉపసంహరించి, డీలరు ద్వారా కొత్తగా మొదలుపెట్టవలసి వస్తుంది.

లోపం ఉందని ఉత్తరం వస్తే

లోపం ఉన్న దరఖాస్తు గురించి ఉత్తరమో ఈ-మెయిలో వస్తుంది. సాధారణంగా అవి సంతకం లేకపోవడం, ఫోటో ఊడిపోవడం, ముద్రలు చదవరాకపోవడం, పేరు తేడాగా ఉండటం వంటివి. అడిగినదే, అడిగిన గడువులోపు, ఆ ఉత్తరం నకలును పైన పెట్టి పంపండి. అదే లోపం మిగిలిన మూడింటిలోనూ ఉందేమో ఆ రోజే స్కాన్‌లలో చూసుకోవాలి; ఉంటే వాటి ఉత్తరాల కోసం ఎదురుచూడకుండా ఫోనులో అడిగి దిద్దుకునే దారి తెలుసుకోండి. నా మొదటి కట్టలో ఇంటి నంబరు ఒక ఫారంలో తప్పని ఉత్తరం వస్తే దాన్నొక్కదాన్నే దిద్ది పంపాను. అదే తప్పు మరో రెండింటిలోనూ ఉందని, విడివిడిగా మరో రెండు ఉత్తరాలు వచ్చేదాకా చూసుకోలేదు.

తిరస్కరణ వస్తే కారణం కాగితంపై ఉంటుంది. చెల్లించిన పన్ను వాపసు వస్తుంది. నేపథ్య తనిఖీలో ఎవరితోనో పొరబడటం వల్ల వచ్చిన తిరస్కరణ అయితే, కొత్త దరఖాస్తు పెట్టేముందు ఎఫ్‌బీఐ దగ్గర అప్పీలు చేసి రికార్డు సరిచేయించుకోవాలి. లేకపోతే అదే జవాబు మళ్లీ వస్తుంది.

ఆమోదం వచ్చాక

ఆమోదించిన ఫారం పెద్దాయనకు చేరుతుంది. ఆయన ఇంట్లో, వస్తువు పక్కన పెట్టుకుని, సీరియల్ నంబరు, మీ పేరు మళ్లీ ఒకసారి చదవండి. అక్షరదోషం ఉంటే వస్తువు కదలకముందే సరిదిద్దమని అడగాలి. సరిగా ఉంటే ఫారంతోపాటు వస్తువు తీసుకుని బయలుదేరవచ్చు. డీలరు దగ్గర కొన్నవారు మాత్రం 4473 అనే కొనుగోలు ఫారం కూడా నింపాలి, అయితే అప్పుడు మరోసారి ఫోను ద్వారా నేపథ్య తనిఖీ జరగదు, అది ఆమోదంలోనే ముగిసింది.

అసలు ఫారాన్ని అగ్నినిరోధక పెట్టెలో ఉంచి, నకలు వస్తువుతో పాటు సంచిలో, మరో నకలు ఫోనులో పెట్టుకోండి. ఏటీఎఫ్ అధికారి అడిగితే నమోదు రుజువు చూపడం యజమాని బాధ్యత అని చట్టం చెబుతోంది. పొట్టి గొట్టం రైఫిల్‌నో మెషిన్‌గన్‌నో తాత్కాలికంగానైనా మరో రాష్ట్రానికి తీసుకెళ్లాలంటే 5320.20 ఫారంతో ముందస్తు అనుమతి కావాలి. సప్రెసర్లకు ఆ ఫారం అక్కర లేదు గాని, వెళ్తున్న రాష్ట్రం, దారిలో వచ్చే రాష్ట్రాలు వాటిని అనుమతిస్తాయో లేదో చూసుకోవాలి. నాలుగో ఆమోదం వచ్చేదాకా నాలుగు పేజీల పుస్తకాన్ని మూయకండి. చివరి వస్తువు ఇంటికి చేరిన తేదీని కూడా అందులో రాసి, స్కాన్‌ల నకలుతో కలిపి అసలు ఫారాల పెట్టెలోనే ఉంచండి.